పరదేశమున తొలినాళ్లు



నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతముల నుండి పైచదువులకును, ఉద్యోగములకును అమెరికా వెళ్లు యువతీయువకులు నేడు పెక్కుమంది కలరు. వెళ్లిన క్రొత్తలో వారిని తికమకపెట్టునవి పేరు, తేదీ, ఎండ, వాన, వీధి దాటుట వంటి చిన్న సంగతులే.

చిక్కు పేరుతోనే మొదలగును. తెలుగువారికి ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. అక్కడ సొంతపేరు ముందు, వంశనామము వెనుక. ఎవరైన ఇంటిపేరు పెట్టి పిలిచినచో, అది తననే అని తెలియక కుర్రవాడు కదలక కూర్చుండును. పాస్‌పోర్టులో పేరును రెండు గడులలో విడదీసి వ్రాయనివారికి, వీసాపై సొంతపేరుండవలసిన చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని పడును. మొదటి పేరు తెలియదని దాని భావము. భీమవరమున 1895లో జన్మించి, 1922లో బోస్టను చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించిరి. అది ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా లోకప్రసిద్ధము. యల్లాప్రగడ అను ఇంటిపేరు ‘వై’ అను పొడియక్షరమై, సొంతపేరే అక్కడ వంశనామమైనది.

తేదీయు అట్టిదే. 5/6 అనిన ఇక్కడ జూన్ 5, అక్కడ మే 6. వైద్యుని చూడవలసిన దినమును తారుమారుగా చదివినవాడు నెలరోజులు ఆలస్యముగా పోవును. రేపు 40 డిగ్రీలని విన్న పల్నాటి బిడ్డ మాచర్ల ఎండలను తలచుకొని పలుచని చొక్కాతో బయలుదేరును. అక్కడి లెక్క ఫారన్‌హీటు. ఆ 40 ఇక్కడి లెక్కకు సుమారు 4 డిగ్రీల చలి!

ఇంతవరకు నవ్వుకొనవచ్చును. వీధి దాటుట అట్టిది కాదు. ఇక్కడ బండ్లు ఎడమప్రక్క నడచును గనుక, దాటువాడు తొలుత కుడివైపు చూచును. అక్కడ బండ్లు కుడిప్రక్క నడచును; తొలుత ఎడమవైపు నుండి వచ్చును. చిన్ననాటి అలవాటున కుడికి చూచి అడుగు వేసినచో ప్రాణమునకే ముప్పు. ఆపదలో పిలువవలసిన ఫోను సంఖ్యయు వేరు; ఇక్కడ 112, అక్కడ 911.

ఇది తెలివితక్కువ కాదు. ఒకే పనికి రెండు దేశములు రెండు కట్టుబాట్లు చేసికొన్నవి, అంతే. అమెరికా నుండి 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలలో కాపురముండిన మిషనరీ హేయరుగారికి తెలుగు మాటయు, పల్నాటి ఎండయు అట్లే క్రొత్తవి. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు తడబడినప్పుడు నవ్వక దారి చూపుట ఇక్కడివారి ధర్మము. పరదేశమున తడబడినప్పుడు సిగ్గుపడక అడుగుట వెళ్లినవారి ధర్మము. ఫోనులో తల్లిదండ్రులతో అంతయు బాగున్నదని చెప్పి, లోలోపల కుములుటవలన చిక్కు తీరదు.

అమెరికాలోని ఊరి గ్రంథాలయములు ఆ ఊరివారికి సాధారణముగా ఉచితము. క్రొత్తవారికి ఇంగ్లీషు సంభాషణ నేర్పు తరగతులను పెక్కు గ్రంథాలయములు నడుపుచున్నవి. వెళ్లినవారు మొదటి వారముననే ఆ గడప తొక్కుట మేలు. ఇక్కడ ప్రయాణమునకు సిద్ధమగువారు, వెళ్లివచ్చినవారు ఒక సాయంకాలము గ్రంథాలయమున కలిసి కూర్చుండినచో, పేరు వ్రాయు తీరు మొదలు వీధి దాటు తీరు వరకు ఇంటివద్దనే తెలియును. గ్రామ గ్రంథాలయము చేయదగిన సేవలలో ఇదియు నొకటి.