ఎన్ని నీళ్లు, ఎసొంటి నీళ్లు

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, నీళ్ల ఇంజినీరును కాను. నల్లగొండ బిడ్డను కాబట్టి బోరు మాట వస్తే చెవి అటే పోతది.

నేనుండే ఆరెంజ్ కౌంటీలో నల్లా నీళ్లు చాలావరకు బావులవే. ఎక్కువ తోడితే పసిఫిక్ ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంది. అందుకే ప్రతి ఊరూ తన అవసరంలో ఎంత శాతం తోడొచ్చో ఏటా లెక్కగడతారు. మించితే అదనంగా కట్టాలి. తీరం వెంట బావుల్లోకి మంచినీళ్లు ఎదురు పంపి సముద్రాన్ని ఆపుతారు. 2008లో మొదలైన ప్లాంటు అందుకోసం మురుగునీటినే శుద్ధి చేస్తుంది, మొదట్లోనే రోజుకు 7 కోట్ల గ్యాలన్లు. (ముఖం చిట్లించకండి, నేను తాగేది అవే.)

మా దగ్గరేమో నీళ్లు అడుగంటితే బోరు ఇంకా లోతుకు దింపుడే. గ్రానైటు రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లవి, ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మా జిల్లా పేరే పెట్టిన్రు. మా మేనత్త మాత్రం పిలిస్తే మెడ తిప్పలేదు, మనిషే తిరగాలె.

నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది. మేమడిగేది ఇంకో బోరు కాదు. తాగేటందుకు కృష్ణ నీళ్లియ్యండి, బోర్లు పొలాలకు వదిలెయ్యండి.