గుర్రపుశాల: గాలి, వాలు, శుభ్రత



హైటెక్ సిటీకి పొరుగున ఉన్న గోల్కొండ కోటలో కుతుబ్ షాహీల కాలమున గుర్రపుశాలలు ఉండెడివి. 1998లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత నగరము ఇటు పెరిగి, గండిపేట, మొయినాబాదు వైపున స్వారీ నేర్పు చోట్లు ఏర్పడినవి. కావున మన పొలములలో మరల తబేలాలు లేచుచున్నవి.

గుర్రమునకు వానకన్న మూసిన గది ఎక్కువ కీడు. నిలిచిన మూత్రము నుండి అమోనియా వాయువు పుట్టి ఊపిరితిత్తులను చెరచును. అందుచేతనే కౌటిల్యుని అర్థశాస్త్రము శాల వెడల్పు గుర్రపు పొడవునకు రెట్టింపు ఉండవలెననియు, నాలుగు ద్వారములు, నడుమ పొర్లుటకు చోటు, మూత్రమును లద్దియు పోవుటకు దారి కావలెననియు చెప్పినది.

నేటి పద్ధతియు ఇంచుమించు అదే. ఒక్కొక్క గుర్రమునకు 12 అడుగుల చదరపు గది, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తుగల ద్వారము అమర్చవలెను. వేడిగాలి పోవుటకు కప్పు కొప్పున సందు విడువవలెను. నేల జారక, కాలువవైపు కొద్దిగా వాలవలెను. బూజుపట్టిన గడ్డి పరవరాదు.

ఎరువుకై తెచ్చిన ఆముదపు పిండిని తబేలాలో నిలువచేయరాదు. అది గుర్రమునకు విషము. అన్నిటికి ఒకే నీళ్లతొట్టి వలదు. గ్లాండర్స్ వ్యాధి దానిద్వారా వ్యాపించును, మనుషులకును సోకును. ముక్కున చీము, చర్మముపై పుండ్లు కనిపించిన గుర్రమును వేరుచేసి వెంటనే పశువైద్యునికి తెలుపుడు.

లద్ది గోతిలో బాగుగా చివికిన మంచి ఎరువగును. అందు ధనుర్వాత క్రిములుండును గనుక గాయపడిన చేతితో ఎత్తరాదు.

ఉదయము తలుపు తీసి, గుర్రపు గదిలో నేలకు వంగి చూడుడు. కళ్లు మండినచో శాలకు గాలి చాలలేదని గ్రహింపుడు.