చేనేత మగ్గమును కంప్యూటరును
(మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

నవీన యంత్రములు, అందును కంప్యూటరు, మన నిత్యజీవనమును, మన వృత్తిని ఎట్లు మార్చినవో నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శులు మమ్ము కోరిరి. మేము ఇంజనీర్లము గాము. మగ్గపు గుంటలో కాళ్లు వ్రేలాడదీసికొని అక్షరములు దిద్దినవారము. కావున శాస్త్రమును గాక, కన్నదానిని, విన్నదానిని మాత్రమే విన్నవింతుము. తప్పులున్నచో పెద్దలు మన్నింతురుగాక.

కంప్యూటరనగానే మన పెద్దలకు బెంగుళూరు, హైదరాబాదు జ్ఞప్తికి వచ్చును. చదివిన పిల్లలు మగ్గము విడిచి పోవు త్రోవ యదియే గదా యని నిట్టూర్చుదురు. ఆ నిట్టూర్పును మేము తప్పుపట్టము. కాని ఆ యంత్రము మనకు పరాయిది కాదనియు, మన మగ్గమునకు దూరపు చుట్టమనియు ముందుగా మనవి చేయుచున్నాము.

ఫ్రాన్సు దేశమునందలి లియాన్ పట్టణము పట్టునేతకు పేరెన్నికగన్నది. అచ్చట 1725లోనే బూషాన్ అనునతడు చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతో మగ్గమును నడుప యత్నించెను. పిమ్మట మరికొందరు ఆ యత్నమును సాగించిరి. కడకు జోసఫ్ మారీ జకార్డు 1804లో సాధించిన పరికరమునే మనము నేటికిని అతని పేర జకార్డు అని పిలుచుచున్నాము. దాని పని మన యిండ్లలో చూడనివారు లేరు. పోషక మహాశయులలో నేత యెరుగనివారును గలరు గనుక రెండు మాటలలో చెప్పెదము. ఒక్కొక్క పేకపోగునకు ఒక్కొక్క అట్ట. అట్టపై చిల్లున్నచోట సూది దూరిపోవును. దానికి తగిలియున్న కొక్కెము పైకి లేచును. కొక్కెముతో పడుగుపోగు లేచును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, కొక్కెము తప్పుకొనును, పోగు క్రిందనే యుండును. లేచిన పోగుల క్రిందుగా నాడె సాగును. అంచున హంస పుట్టుటకును, కొంగున నెమలి పురివిప్పుటకును ఇంతియే కారణము. పూర్వము ఈ పోగులను లేపుటకు మగ్గముకడ వేరొక పిల్లవాడు నిలిచి దినమెల్ల త్రాళ్లు లాగవలసి యుండెను. ఆ పిల్లవానికి విడుదల కల్పించినది జకార్డే.

చిల్లున్నది, చిల్లు లేదు. కంప్యూటరునకు తెలిసిన మాటలును ఈ రెండే. వానినే ఒకటి, సున్న అందురు. ఇది మేము గర్వముకొలది కల్పించిన చుట్టరికము కాదు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజి అను గణితవేత్త 1830వ దశకమున ఒక మహాగణకయంత్రమును ఊహించి, దానికి ఆజ్ఞలిచ్చుటకు జకార్డు అట్టలనే యెన్నుకొనెను. యంత్రము పూర్తికాలేదు. కాని ఏడా లవ్‌లేస్ అను విదుషీమణి 1843లో దానికి వ్రాసిన వ్యాఖ్యయందు, జకార్డు మగ్గము పూలను ఆకులను నేసినట్లే ఇది గణితమును నేయునను భావమును వెల్లడించెను. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలెరిత్ చిల్లుల అట్టలను వాడెను. అతని కంపెనీ మరికొన్నిటితో గలిసి, 1924లో ఐబీఎం అను పేరు దాల్చెను. ఇంకొక ముచ్చట. 1839లో లియాన్ నేతగాండ్రు జకార్డు చిత్తరువును పట్టుతో నేసిరి. దానికి పట్టిన అట్టలు సుమారు 24,000. ఈ సంఖ్యను జ్ఞప్తియందుంచుకొనుడు, మరల వచ్చును.

ఇక మన సీమకు వచ్చెదము. ఇది వానలు తప్పిపోవు నేల. సేద్యగానికి చేను ఎండినను చేనుండును. నేతగానికి మగ్గము ఆగినచో మిగులునది గుంటయే. అందుచేతనే 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతపనివారల సహకార సంఘమును నెలకొల్పినపుడు, నూలు తెచ్చుటయు బట్ట అమ్ముటయు నేతగాని భుజముపైనుండి తీసి సంఘము భుజముపై పెట్టిరి. వారికి 1954లో పద్మశ్రీ బిరుదము లభించినది. ఆ సంఘపు నాటి వైభవము నేడు లేదు. అయినను ఆ యేర్పాటులోని తెలివిని మన మింకను మరువరాదు. నేటి సమస్య నూలును గురించినది మాత్రమే కాదు. నమూనాను గురించినది. దానినే విస్తరించి చెప్పదలచినాము.

మా చిన్నతనమున ఒక కొంగునకు నమూనా వ్రాయుట యనగా గళ్ల కాగితముపై ఒక్కొక్క గడిని రంగుతో నింపుట. ఒక గడి తప్పినను హంస ముక్కు వంకరపోవును. దీపపు వెలుతురున వ్రాసి వ్రాసి కన్నులు పోగొట్టుకొన్న పెద్దల నెరుగుదుము. ఆ కాగితమును చూచుచు అట్టలు కొట్టువాడు చిల్లులు పొడిచెడివాడు. ఆపైన అట్టలను వరుసగా త్రాట కుట్టి మగ్గముపై వ్రేలాడదీసెడివారు. నేడు ఆ పనియంతయు కంప్యూటరు తెరపై జరుగుచున్నది. వారములు పట్టినది పూటలో ముగియుచున్నది. తప్పు దిద్దుట సులభము. రంగులు మార్చి చూచుకొనుట ఇంకను సులభము. 1983లో మొదలు మిల్లుల మగ్గములకై వెలువడిన ఎలక్ట్రానిక్ జకార్డు ఇపుడు చేమగ్గమునకును అమర్పబడుచున్నది. దానికి అట్టలే యక్కరలేదు. కాని దాని వెల సామాన్య నేతగాని యేటి సంపాదనకు మించినది.

ఇందు మేలు లేదనువాడు మూఢుడు. కన్నులు మిగిలినవి, కాలము మిగిలినది. కీడెక్కడ? అట్టల దండ నేతగాని యింటి దూలమునకు వ్రేలాడుచుండెను. బావమరిది అడిగినచో ఇచ్చెడివారము. ఇష్టములేనిచో అట్లు లేవనెడివారము. ఇపుడు నమూనా యొక ఫైలు. ఆ ఫైలు నమూనాలు వ్రాయించు షావుకారుకడ నున్నది, లేదా పట్టణమున కంప్యూటరు దుకాణమునందున్నది. నేతగానికి అట్టలు మాత్రము వచ్చును, లేదా అవియు రావు. చేయి మనది, గుర్తు వారిది. ఒక షావుకారును విడిచి వేరొకనికి నేయదలచిన యువకునికి చేతిలో నేర్పు గలదు గాని తనదని చెప్పుకొన నొక్క అంచు లేదు.

మేమెరిగిన యొక యింట తాతగారి కాలపు అట్టల మూటలను పాతకాగితములవానికి తూకమున నమ్మివేసిరి. అటుకపై చోటు కావలసి వచ్చినదట. ఏడాది తిరుగకమునుపే అదే అంచును వెదకుచు ఒక వర్తకుడు వచ్చెను. ఇంట ఆ చీర యొక్కటియు లేదు. గళ్ల కాగితమును ఎలుకలు కొట్టినవి. వ్రాసిన చేయి అంతకుముందే కాటికి పోయినది. ఆ యింటివారు మా బంధువులే గాక, తూకమున కెత్తుటకు సాయపడినవారిలో మేమును ఉంటిమి. ఇది చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నది.

ఫోను మాట వేరు. మాధవరమున నేసిన చీర ఛాయాచిత్రము వాట్సాప్‌లో పోయి, చూచినవారు దూరదేశమునుండియే కొనుచున్నారు. రూపాయలు ఫోనులోనే వచ్చి చేరుచున్నవి. నడుమ దళారి లేడు. 2020లో అంగళ్లు మూతవడిన దినములలో ఈ త్రోవన కొందరి పొయ్యి వెలిగినది. కాని అదే ఛాయాచిత్రము మరమగ్గములవారి చేతికిని పోవును. మనము నెల కష్టపడి నేసిన బుటా దినముల మీద వేల చీరలపై నకలుగా అంగడి కెక్కును. చేనేతకు కొన్ని రకములను ప్రత్యేకించుచు 1985లో కేంద్రప్రభుత్వము చట్టము చేసినది. మొదట 22 రకములుండగా తరువాత 11కు తగ్గించిరి. 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టమును సమర్థించినది. చట్టము కాగితముపై గలదు. ఫోను చేతిలో గలదు. ఎవరు ముందు పరుగెత్తుదురో వేరుగ చెప్పవలెనా? క్రొత్త నమూనాను, అమ్మకమునకు తగినన్ని చీరలు నేయకమునుపే ఊరందరికి చూపు ఉబలాటమును మాత్రము మన యువకులు మానుకొనవలెను.

ఇపుడు 24,000 మాట. 2019 డిసెంబరు మొదలు 2023 వరకు మన రాష్ట్రమున స్వంత మగ్గముగల నేతకుటుంబమునకు ఏటా 24,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో చేరినవి. చేయి మారకుండ సొమ్ము వచ్చుట కంప్యూటరు చేసిన మేలే. దానిని కాదనము. అయితే యంత్రము తనకు చెప్పినదానినే చూచును. దానికి స్వంత మగ్గము కనబడినది. షావుకారు మగ్గముపై కూలికి నేయువాడు కనబడలేదు. ఇంటి కొక్క పేరు కనబడినది; తెల్లవారకమునుపే లేచి కండెలు చుట్టి, పడుగు సరిచేసి, తెగిన పోగులతికి, మధ్యాహ్నము తానును మగ్గమెక్కు ఇల్లాలు కనబడలేదు. 2019–20 నాటి నాలుగవ అఖిలభారత చేనేత గణనమున 35 లక్షలకు పైబడిన పనివారు తేలిరి. వారిలో నూటికి డెబ్బదిమందికి మించి స్త్రీలే. దేశపు లెక్కలో వారున్నారు. మన సంఘపు సభ్యుల పట్టికలో ఎందరున్నారు? మేము పట్టికను త్రిప్పి చూచితిమి. చూచిన పిమ్మట ప్రభుత్వమును నిందించుటకు మాకు నోరాడలేదు.

మరియొక కష్టము గలదు. 2015లో చౌకధరల దుకాణములకు వ్రేలిముద్రల యంత్రములు వచ్చినవి. పోగు రాపిడికి వ్రేళ్ల గీతలరిగిన అవ్వ యొకతె మా వీధిలో మూడుమార్లు నిలిచి మూడుమార్లు తిరిగివచ్చెను. నాలుగవమారు మనుమడు ఆమె వ్రేలికి కాస్త నూనె రాసి, తుడిచి, మరల నొక్కించెను. అపుడు బియ్యము వచ్చినవి. అట్టివారికి వేరు మార్గములు గలవని అధికారులు చెప్పుదురు. ఆ మార్గమును అవ్వకు చెప్పు నాథుడుండవలెను గదా! ఊరికొక చదివిన పిల్లవానిని ఈ పనికై సంఘము నియమించినచో వేయిరూపాయల శాలువాకంటె అది మిక్కిలి శోభించును. నిన్నటి సభలో మేమును ఒక శాలువా కప్పించుకొంటిమి. కావున ఈ మాట మాకును తగులును.

యంత్రమును మనవారే, మన కష్టమెరిగి చేసినచో నెట్లుండునో తెలియగోరువారు చింతకింది మల్లేశముగారిని తలంపవలెను. ఆయన ఆలేరు ప్రాంతపు నేతయింటి బిడ్డ. పెద్ద చదువులు చదివినవారు కారు. ఆసు పోయుటలో తల్లి లక్ష్మిగారు ఒక్కొక్క చీరకు వేలమార్లు చేయి చాచి ముడుచుచు భుజము నొప్పిచే బాధపడుట చూచి, ఏండ్లకొలది యత్నించి 1999లో ఆసుయంత్రమును సాధించిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. ఆ యంత్రము నేతను తీసివేయలేదు. భుజపు నొప్పిని తీసివేసినది. మనకు కావలసిన యంత్ర మిట్టిది.

మన జిల్లాలలో చదువునకు కొదవ లేదు. ఇడుపులపాయలో 2008లోను, కర్నూలులో 2015లోను ట్రిపుల్ ఐటీలు వెలసినవి. వానిలో మన యింటి పిల్లలును చదువుచున్నారు. వారిని మగ్గమునకు తిరిగి రమ్మని మేము పిలువము. అట్లు పిలుచుటకు మనకు అధికారమును లేదు, ఆ మజూరితో వారు బ్రదుకుటయు లేదు. సెలవులలో పదిదినములు మాత్రము ఇండ్లకు వచ్చినపుడు, అటుకలపై నున్న గళ్ల కాగితములను, అట్టల దండలను, పాతచీరల అంచులను ఛాయాచిత్రములు తీసి కంప్యూటరునకెక్కించి, ఏ యూరిది, ఏ యింటిది, ఎవరు వ్రాసినది, ఎవరు నేసినది యను వివరములతో సంఘమునకు అప్పగింపుమని వేడుచున్నాము. నమూనా సంఘముకడ నుండును. యజమాని ఆ యింటివారే. కోరిన నేతగానికి వారి యనుమతితో అట్టలు కొట్టించి యిత్తుము. వ్రాసినవారి పేరుకడ ఇల్లాలి పేరును తప్పక యుండవలెను. ఏలయన, ఏ రంగు ప్రక్కన ఏ రంగు పొసగునో చెప్పినది అనేక గృహములలో ఆమెయే.

పోషక మహాశయులు వసతిగృహములు కట్టించిరి, విద్యార్థివేతనము లొసగిరి. ఈ యేడు స్వాగతద్వార మొకటి తగ్గించి, ఎమ్మిగనూరునకు ఒకటి, జమ్మలమడుగునకు ఒకటి చొప్పున కంప్యూటరును, ఛాయలు తీయు యంత్రమును ఇప్పించినచో పని రేపే మొదలగును.

రేపనుట అలంకారము కాదు. పందిరి యెడమప్రక్క, మంచినీళ్ల కుండలకు ఆవల నొక బల్ల వేయించినాము. ఇద్దరు పిల్లలు ప్రొద్దుట ఏడుగంటలకు ఫోనులతో అచ్చట కూర్చుందురు. చుట్టుప్రక్కలనుండి వచ్చినవారు రాత్రికి ఇండ్లకు పోయి, అట్టలో, కాగితములో, అంచుముక్కయో దొరికినది తెచ్చి చూపుడు. చినిగినవైనను సరే. ఎలుకలు కొట్టినవైనను సరే, ముందు వానినే తీయింతుము.