ఈ జాజు మల్ల పూసేది కాదు
(పాండవుల గుట్టలు చూసేందుకు వచ్చిన విద్యార్థులు, ఉద్యోగులతో చేసిన ప్రసంగ పాఠం)



గుట్ట ఎక్కేముందు ఐదు నిమిషాలు నా మాట వినుర్రి. ముందుగాల నా తప్పు ఒప్పుకుంట. డిగ్రీ చదివేటప్పుడు దోస్తులతోని మొదటిసారి ఇక్కడికి వచ్చిన. బొమ్మ మసకగ ఉన్నదని, ఫొటో మంచిగ రావాలని సీసలున్న నీళ్లు బండ మీద చల్లిన. ఎరుపు ఒక్కసారి మెరిసింది. అందరం చప్పట్లు కొట్టినం. ఆ నీళ్లు ఏం చేస్తయో నాకు అప్పుడు తెల్వదు. బండలోకి ఇంకిన నీళ్లు ఆరేటప్పుడు లోపటి లవణాలను పైకి తెస్తయి. తెల్లటి పొర కడుతది. రంగు పెచ్చులుగ లేస్తది. చదువుకున్నోణ్ని, చేసిన పని గిది!

మిత్రులారా! రేగొండ దగ్గరి ఈ గుట్టల్ల బొమ్మలు 1990లో లోకానికి తెలిసినయి. మధ్య శిలాయుగం నుంచి మధ్యయుగాల దాకా గీసినవని పరిశోధకులు చెప్తున్నరు. అడవి దున్న, దుప్పి, పులి, చిరుత, విల్లు, బాణం, కత్తి అన్నీ ఉన్నయి. ఈ ఇసుకరాళ్లు హిమాలయాల కన్నా పాతవి. 2024లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఈ చోటును భూవారసత్వ స్థలంగా గుర్తించింది.

1990కి ముందు ఈ గుట్ట ఎవరికీ తెల్వదా? చుట్టుపక్కల ఊర్లోళ్లకు తెలుసు. గొంతెమ్మ గుహ, ఎదురు పాండవులు అని పిలుచుకున్నది వాళ్లే. ఒక్క మాట ఆలోచించుర్రి. బండ మీద పేరు గీకాలంటే అక్షరం రావాలె. అక్షరం రాని పశుల కాపరి గీకలేదు. గీకింది మనమే.

మన చరిత్రను పట్టించుకునే దిక్కు లేదని ఏండ్ల తరబడి సభల్ల మాట్లాడినం. నేను గూడ మాట్లాడిన. 2014లో రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు బొమ్మ పక్కన ప్రేమ గుర్తులు గీకేటోడు మనోడే అయితే ఎవరి మీద ఫిర్యాదు చేద్దాం?

అందుకే చేతులు జోడించి అడుగుతున్న. బొమ్మను కండ్లతోని చూడుర్రి, చేతితోని కాదు. చేతి చెమట, జిడ్డు రంగుకు చేటు. నీళ్లు చల్లొద్దు. సుద్ద, బొగ్గుతోని గీత దిద్దొద్దు. గుహల పొయ్యి పెట్టొద్దు, మసి పట్టిన బొమ్మ మల్ల కనబడదు. ఎండాకులల్ల బీడీ, సిగరెట్టు పారేస్తే అడవే అంటుకుంటది. తేనెతుట్టె కనబడితే అరవొద్దు, రాయి విసరొద్దు. గుర్తుకు ఉంటదని రాయి పెచ్చు గూడ జేబుల వేసుకోవద్దు. తెచ్చుకున్న ప్లాస్టిక్ తెచ్చుకున్న సంచిలనే తిరిగి పోవాలె. ఎవడో రాసిన రాతను సబ్బుతోని కడుగుదామని గూడ పోవద్దు, రాతతోని బొమ్మ గూడ పోతది. అది తెలిసినోళ్లు చెయ్యాల్సిన పని. మనం అధికారులకు చెప్పాలె, అంతే.

మన ఇండ్ల గడపకు, గోడకు పూసే జాజు ఉన్నది కద, బండ మీది ఎరుపు దాని జాతిదే. ఇంటి జాజు వెలిసిపోతే పండుగకు అమ్మ మల్ల పూస్తది. ఇది పోతే మల్ల పూసే చెయ్యి లేదు.

ఇగ పోదాం పదుర్రి. మెల్లగ, సప్పుడు చేయకుంట.