పేస్‌మేకరు పెట్టించుకొన్న పిమ్మట
(సంఘ సభ్యుల కూటములో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. నేను గుండె నిపుణుడను కాను. చిన్న ఊళ్ల ఆసుపత్రులలో 30 సంవత్సరములకు పైగా సాధారణ వైద్యము చేసినవాడను. పేస్‌మేకరు అను పరికరమును నేను ఎవరికిని అమర్చలేదు. దానిని అమర్చించుకొని ఇంటికి వచ్చినవారిని చూచుట నా వంతు. ఆ అనుభవముతో ఒక మాట చెప్పెదను: ఆపరేషను ఒక గంట పని, దానిని కాపాడుకొనుట పదేండ్ల పని. ఆ పదేండ్లలో జరుగు పొరపాట్లు చాలవరకు మన ఇండ్లలోనే జరుగుచున్నవి.

మన గుండె దినమునకు సుమారు లక్ష మారులు కొట్టుకొనును. గుండె పైగదిలో పుట్టిన విద్యుత్తు సన్నని దారిగుండా క్రింది గదులకు చేరి ఆ కొట్టుకొనుటను నడిపించును. వయస్సు పైబడినప్పుడు, లేక ఇతర జబ్బులవలన, ఆ దారి తెగిపోవచ్చును. దీనినే హార్ట్ బ్లాక్ అందురు. అప్పుడు నిమిషమునకు 60కి తక్కువ కాకుండ ఉండవలసిన నాడి 40కి, 30కి పడిపోవును. మనిషికి కళ్లు తిరుగును, ఆయాసము వచ్చును, ఉన్నట్టుండి స్పృహ తప్పును. పేస్‌మేకరు లేని కాలములో, పూర్తిగా బ్లాక్ ఏర్పడి స్పృహ తప్పుచుండినవారిలో దాదాపు సగముమంది సంవత్సరము తిరుగకముందే మరణించెడివారు.

1958 అక్టోబరు 8న స్వీడను దేశములోని స్టాక్‌హోములో, రూనె ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు తయారు చేసిన చిన్న పెట్టెను ఆకె సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు ఆర్నె లార్సన్ అను 43 ఏండ్ల రోగి శరీరములో అమర్చినాడు. ఆ పెట్టె కొన్ని గంటలే పని చేసినది. వెంటనే మరియొకటి పెట్టినారు. లార్సన్ తన జీవితకాలములో 20కి మించి పెట్టెలు మార్పించుకొన్నాడు. ఆ ఇంజనీరు, ఆ వైద్యుడు ఇద్దరును గతించిన తరువాత కూడ బ్రతికియుండి, 2001లో 86వ ఏట క్యాన్సరుతో కన్నుమూసినాడు. ఇన్ని మారులు మార్పించుకొనుటకు ఎంత ఓపిక కావలెనో ఆలోచించండి.

ఈ కాలపు పెట్టె అగ్గిపెట్టెకంటె పలుచన. ఆ చోటికి మాత్రము మత్తు ఇచ్చి, కాలర్ ఎముక క్రింద రెండంగుళముల కోత కోసి, రక్తనాళముగుండా తీగను గుండెలోనికి పంపి, ఎక్స్‌రే తెరమీద చూచుచు అమర్చుదురు. గుండెను కోయరు. సాధారణముగా ఒకటి రెండు దినములలో ఇంటికి పంపుదురు. బ్యాటరీ సుమారు 8 మొదలు 12 ఏండ్లు వచ్చును.

ఇందులో అపాయము లేదా? ఉన్నది, దాచకూడదు. తీగ చోటు తప్పవచ్చును. ఊపిరితిత్తికి సూది తగిలి గాలి చేరవచ్చును. కోసిన చోట నెత్తురు గడ్డకట్టవచ్చును. చీము పట్టవచ్చును. డెన్మార్కు దేశములో 2010–2011లో పేస్‌మేకర్లును ఆ జాతికి చెందిన ఇతర పరికరములును అమర్చించుకొన్న 5,918 మందిని, ఒక్కరిని విడువకుండ, 6 నెలలు గమనించినారు. 562 మందికి, అనగా నూటికి తొమ్మిదిన్నరమందికి, చిన్నదో పెద్దదో ఏదో ఒక చిక్కు వచ్చినది. బరువు తక్కువైనవారికి, స్త్రీలకు, వేళకాని వేళ అత్యవసరముగా చేయించుకొన్నవారికి, సంవత్సరమునకు 50కి తక్కువగా ఇట్టి ఆపరేషన్లు చేయు వైద్యుని చేతిలో చేయించుకొన్నవారికి ఈ చిక్కులు ఎక్కువగా కనబడినవి. గనుక “ఇక్కడ ఇట్టివి సంవత్సరమునకు ఎన్ని చేయుదురు?” అని వైద్యుని అడుగుట మర్యాద తప్పు కాదు.

చీము విషయములో బ్రెజిల్ దేశపు వైద్యులు 2009లో ప్రకటించిన పరీక్ష ఒకటి ఉన్నది. కోతకు ముందు ఒక్క ఆంటీబయాటిక్ ఇంజెక్షను ఇచ్చినవారిలో నూటికి ఒకరికంటె తక్కువమందికి, ఇవ్వనివారిలో నూటికి ముగ్గురికి మించి చీము పట్టినది. తేడా ఎంత స్పష్టమైనదనగా, ఇవ్వకుండ ఉంచుట న్యాయము కాదని ఆ పరీక్షను మధ్యలోనే ఆపివేసినారు.

రోగులను ఇట్లు లెక్కించి, వెంబడించి చూచు పద్ధతి మనకు క్రొత్త కాదు. మన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమునకు మొదటి అధిపతియైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ డెన్మార్కువాడే. 1912లో మదనపల్లెలో ఆరంభమైన ఆ చికిత్సాలయము 1915లో ఆరోగ్యవరమునకు మారినది. అక్కడివారు 1950 మొదలు మదనపల్లె చుట్టునున్న గ్రామములలో ఇంటింటికి తిరిగి క్షయరోగమును గూర్చి లెక్కలు వ్రాసినారు. మందు మొదలు పెట్టుట సులభము, చివరివరకు వాడించుట కష్టమని మన పెద్దలు ఆ వ్యాధివద్ద నేర్చుకొన్నారు. పేస్‌మేకరు విషయములో ఆ పాఠమే మరల చదువవలసియున్నది.

నేను చూచిన ముగ్గురిని గూర్చి చెప్పెదను. పేర్లు చెప్పను.

మొదటివాడు పుంగనూరు దగ్గర రైతు. టమోటా తోటలో రెండు మారులు పడిపోయినాడు. ఇంటివారు మూర్ఛ అనుకొని చేతిలో తాళపుచెవులు పెట్టినారు. మూడవ మారు నాయొద్దకు తెచ్చినారు. నాడి చూచితిని, 34. ఇ.సి.జి. తీసి, ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి పంపితిని. పది దినములకు తన కాళ్లతో నడచి వచ్చి, “అయ్యా, నా గుండె ఇంక కరెంటుతో నడుస్తాదంట, కరెంటు పోతే ఎట్లయ్యా?” అని నవ్వినాడు. పడిపోయిన మనిషి చేతిలో ఇనుము పెట్టుటకు ముందు నాడి పట్టి చూడవలెనని ఆ ఇంటివారు నేర్చుకొన్నారు.

రెండవ ఆమె కుప్పము వైపు అవ్వ. ఆపరేషను బాగుగానే జరిగినది. మూడు వారములకు కోత దగ్గర ఎర్రబడినది. దూరము, రైలు చార్జీలు, తోడు వచ్చువారు లేరు. పసుపు పెట్టినది, ఆకు పసరు పెట్టినది. నెల దాటిన తరువాత చర్మము చీలి పెట్టె అంచు బయటికి కనబడినది. అట్టి స్థితిలో మాత్రలతో సరిపోదు. పెట్టెను, తీగను పూర్తిగా తీసివేసి, మందులిచ్చి, రెండవ ప్రక్కన క్రొత్తది పెట్టవలెను. ఆమె బ్రతికినది. “ఎర్రబడిన దినమే వచ్చింటే ఇంత కోత లేకపోవు గదా నాయనా” అన్నది. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయినది.

మూడవవారు మదనపల్లెలోనే ఉండిన ఒక ఉపాధ్యాయుడు. ఈ తప్పు నాది. చక్కెర వ్యాధికి సంవత్సరముల తరబడి నాయొద్దకే వచ్చెడివారు. పేస్‌మేకరు కార్డు చొక్కా జేబులోనే ఉండెడిది. ఆయన బాగుగా ఉన్నారు గదా అని నేను ఒక్క దినమైనను ఆ కార్డు తీసి తారీఖు చూడలేదు. పెట్టెను పరీక్ష చేయించినారా అని అడుగలేదు. తొమ్మిదవ ఏట బ్యాటరీ అయిపోయి, ఇంటి గడపవద్ద పడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నారు. పెట్టె మార్చినారు, గుండె సరిగా కొట్టుకొన్నది. ఆయన మాత్రము మరల కర్ర లేకుండ నడువలేదు. నాటినుండి నేను కార్డు చూడకుండ ఎవరిని పంపలేదు.

ఈ ముగ్గురివలన నేర్చుకొన్నవి ఇంటికి తీసికొనిపొండి.

ఒకటి. అమర్చిన తరువాత నాలుగైదు వారములు ఆ ప్రక్క చేతిని భుజముకంటె పైకి ఎత్తరాదు, బిందెలు మోయరాదు. అట్లని చేతిని కట్టివేసి ఉంచినను భుజము బిగిసిపోవును, మెల్లగా కదల్చుచుండవలెను.

రెండు. కోతవద్ద ఎరుపు, వాపు, నొప్పి, చీము, లేక జ్వరము కనబడిన దినమే పెట్టిన ఆసుపత్రికి తెలుపవలెను. పసరులు వద్దు. ఊరి వైద్యునిచేత సూదితో గుచ్చి తీయించవద్దు; సూదివలననే లోనికి క్రిములు పోవచ్చును.

మూడు. ఒంట్లో బాగుగా ఉన్నను పరీక్ష తారీఖు తప్పరాదు. బ్యాటరీ తగ్గుచున్నదని ముందుగా తెలిసికొనుట ఆ పరీక్షలోనే.

నాలుగు. కార్డు ఎల్లప్పుడు దగ్గర ఉండవలెను. ఏ ఆపరేషనుకైనను, ఎమ్.ఆర్.ఐ.కైనను ముందు దానిని చూపవలెను. కొన్ని పెట్టెలకు ఎమ్.ఆర్.ఐ. తగిన జాగ్రత్తలతో చేయవచ్చును, కొన్నిటికి చేయరాదు. సెల్‌ఫోను ఆ ప్రక్క చొక్కా జేబులో ఉంచవద్దు. మిక్సీకి, గ్రైండరుకు, టీవీకి భయపడనక్కరలేదు. వెల్డింగు పని చేయువారు మాత్రము వైద్యుని అడిగి చేయవలెను.

ఖర్చును గూర్చి అడుగుదురు. 2007లో మన రాష్ట్రములో ఆరంభమై, పేర్లు మారుచు వచ్చిన ఆరోగ్యశ్రీ పథకములో పేస్‌మేకరు అమర్చుట కూడ చేరియున్నది. అర్హత గల పేద కుటుంబములవారు డబ్బు లేదని ఇంటివద్ద పడియుండనక్కరలేదు.

ఇక నా మనవి. కుప్పమువారు బెంగుళూరుకు, పుంగనూరువారు వేలూరుకు, మదనపల్లెవారు తిరుపతికి పోయి ఆపరేషను చేయించుకొని వచ్చుచున్నారు. ఒక మారు పోవుటకు బంధువులందరు వెంట పోవుదురు. రెండవ ఏట పరీక్షకు పోవుటకు ఒక్కరును ఉండరు. గనుక ప్రతి సంఘములో ఒక చిన్న నోటుపుస్తకము పెట్టండి. పేస్‌మేకరు గలవారు ఒప్పుకొన్నచో, వారి పేరు, అమర్చిన తారీఖు, రాబోవు పరీక్ష తారీఖు అందులో వ్రాయండి. ఆ నెల వచ్చినప్పుడు యౌవనస్థులలో ఒకరు గుర్తు చేసి, అవసరమైతే బస్సు ఎక్కి వెంట పొండి. ఇది ఒక దినపు శ్రమ. ఆ ఉపాధ్యాయునికి ఆ దినము ఎవరైన ఇచ్చియుంటే, నేను ఇచ్చియుంటే, ఆయన కర్ర లేకుండ ఈ కూటమునకు వచ్చియుండెడివారు.

ఇండ్లకు పోయి మీ పెద్దల నాడి పట్టి చూడండి. కార్డు ఉన్నవారుంటే తారీఖు చూడండి.