పాలను ఏమని అడగాలి?

2008లో చైనాలో కల్తీ పాలపొడి తాగి దాదాపు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు. అధికారిక లెక్కల్లోనే ఆరుగురు చనిపోయారు. పరీక్ష లేక జరిగిన ఘోరం కాదిది. పరీక్ష జరిగింది, పాలు నెగ్గాయి. ఆ పరీక్షలో వాడే కెల్డాల్ పద్ధతి కొలిచేది నత్రజనిని, దాన్ని 6.38తో హెచ్చవేసి పాలలో ప్రొటీన్ ఇంత అంటాం. మెలమిన్ అనే రసాయనం బరువులో మూడింట రెండొంతులు నత్రజనే. పాలలో నీళ్లు పోసినవాళ్లు తగ్గిన ప్రొటీన్ లోటును దీనితో పూడ్చారు. ప్రొటీన్ ఎంతని అడిగామనుకున్నాం, అడిగింది నత్రజని ఎంతని. ఆ తేడా కల్తీ చేసేవాడికి మనకన్నా ముందే తెలిసింది.

స్పెక్ట్రోస్కోపీ విలువ ఇక్కడుంది. పరారుణ కాంతిని పాలలోంచి పంపితే, అణువులోని ఒక్కో బంధం తన కంపనానికి సరిపడే కాంతిని మింగుతుంది. ప్రొటీన్‌లోని పెప్టైడ్ బంధం సెంటీమీటరుకు 1650, 1550 తరంగాల దగ్గర పట్టుబడుతుంది. మెలమిన్‌లో ఆ బంధమే లేదు. చిక్కల్లా నీటితోనే. అదీ 1640 దగ్గరే కాంతిని మింగి ప్రొటీన్‌కు అడ్డొస్తుంది. 1928లో సి.వి. రామన్ కనుగొన్న చెదిరిన కాంతి పద్ధతిలో నీరు అంత గోల చేయదు, మెలమిన్ వలయం 676 దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే ప్రతి పాలకేంద్రంలో ఓ యంత్రం పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. యూరియా పాలలో సహజంగానే ఉంటుంది. మన దేశంలో 700 పీపీఎం దాకా అనుమతి ఉంది. అది పశువు రక్తంలోంచి వచ్చిందా, ఎరువు బస్తాలోంచి వచ్చిందా అన్నది కాంతికి తెలియదు. ఆవుపాలతో తర్ఫీదైన యంత్రానికి చిక్కటి గేదెపాలు అనుమానాస్పదంగా తోచవచ్చు. కాబట్టి కాంతితో వడపోయాలి. రైతును దోషిగా నిలబెట్టే ముందు, పదార్థాలను విడదీసి చూసే క్రొమటోగ్రఫీతో నిర్ధారించాలి. ఆ రెండో పరీక్ష ఖర్చు అనవసరమనే వాదనను నేను ఒప్పుకోను. తప్పుడు ఫలితానికి నష్టపోయేది రెండు గేదెలున్న ఇల్లాలు.

మనదగ్గర కల్తీ అంత లేదుగా అన్న ఆక్షేపణా ఉంది. దేశ ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో 6,432 నమూనాలు పరీక్షిస్తే కల్తీవని తేలినవి 12 మాత్రమే. కానీ అదే సర్వేలో 368 నమూనాల్లో అఫ్లటాక్సిన్ ఎం1 పరిమితి దాటింది. బూజుపట్టిన దాణా తిన్న పశువు ద్వారా పాలలోకి వచ్చే విషమది, ఎవరూ కావాలని కలిపింది కాదు. దానికి పరిమితి కిలోకు అర మైక్రోగ్రాము. అంత కొంచెం పరారుణ కాంతికి చిక్కదు. అతినీలలోహిత కాంతిలో మాత్రం అది నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపును పాలు పోసే చోటే, చౌకగా, నమ్మకంగా కొలిచే సాధనం మన పల్లెలకు కావాలి. పట్టాలు అందుకుంటున్న మీలో కొందరైనా ఆ పని పట్టుకోండి.