కల్పన అని చెప్పి చేయండి

పట్టాలు అందుకుని ఫొటోల పనిలోకి వెళ్తున్న మీకు ఒక మాట చెప్పాలి.

లేనిదాన్ని ఫొటోలో ఉన్నట్టు చూపే విద్య కంప్యూటర్‌తో పుట్టలేదు. 1857లోనే ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే బొమ్మగా అచ్చు తీశాడు. సరిగ్గా నూరేళ్లకు, 1957లో, మన ‘మాయాబజార్’ సినిమా వచ్చింది. నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు ఘటోత్కచుడై కూర్చుంటే లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లోకి వెళ్లాయి. చూసి నవ్విన మన తాతలెవరూ మోసపోలేదు. మాయ మాయగానే వాళ్ల ముందుకు వచ్చింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడల మీద అంత శ్రద్ధ పెట్టాడు కాబట్టే అది అతుకులబొంతలా కనిపించలేదు.

1990లో ఫొటోషాప్ వచ్చింది. మెల్లగా ఫొటోలు కలిపే ఆ పని మన ఊళ్ల ఫొటో స్టూడియోలకూ డీటీపీ సెంటర్లకూ చేరింది. ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా, పోయిన తండ్రిని పెళ్లి ఫొటోలో కూతురి పక్కన నిలబెట్టి ఇమ్మని అడిగేవాళ్లు వస్తారు. పాత పాస్‌పోర్టు ఫొటోలోంచి స్టూడియోవాళ్లు ముఖం కత్తిరించి, ఎవరిదో పట్టుపంచె తగిలించి ఇస్తారు. నేను దీన్ని చిన్న పనిగా చూడను. జరగని క్షణాన్ని ఒక ఇంటి గోడకు ఎక్కించే పని అది. తండ్రి మీద వెలుగు ఎడమ నుంచి, కూతురి మీద కుడి నుంచి పడితే పెళ్లికూతురి తల్లి కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఇంకో గంట కూర్చుని నీడ సరిచేయండి.

మీలో ఎవరో ఒకరు కొల్లేటి సరస్సు మీద కూడా బొమ్మలు చేస్తారు. ఆటపాక గూడబాతులు ఏలూరు మేడల మీద గూళ్లు కట్టినట్టు చేయండి, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి చుట్టూ ఆకాశమే నీరైనట్టు చేయండి. సంతోషంగా చూస్తాను. అయితే అదే సరస్సుకు ఫొటో సాక్ష్యం కూడా. సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువుల కిందికి పోయిందని 2001 ఫిబ్రవరి నాటి ఉపగ్రహ చిత్రాలే చూపించాయి. అలాంటి చిత్రంలో ఒక్క గట్టు చెరిపినా దొంగసాక్ష్యమే. ఆడపిల్ల ఫొటోను మార్ఫింగ్ చేయడం గురించి వేరే చెప్పాలా? అది నేరం. ఎవరు ఎంత డబ్బిస్తామన్నా ముట్టుకోవద్దు.

మీరు చేసిన ప్రతి బొమ్మ కింద మీ పేరు, పక్కనే ‘కల్పిత చిత్రం’ అన్న మాట వేయండి. చేయించుకున్నవాళ్లు తీసేయమన్నా తీయకండి.